నవ్వు కింద పోయిన మాట

(హనుమకొండలో జానపద పాటలంటే ఇష్టమున్నవాళ్లం కూడుకున్న ఒక సాయంత్రం, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు ఒకరు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డు విని రాశాం. ఆయన మాట తీరును అట్లాగే ఉంచాం. ఆయన పాడిన వరుసలు విడిగా ఇచ్చాం.)

అందరికీ నమస్కారం. కూసోండ్రి, కూసోండ్రి. ముందు కుర్చీలు ఖాళీ ఉన్నయ్, జర ముందుకు రాండ్రి. మన దగ్గర సభ అనంగనె అందరం పోయి ఎనుక గోడకు ఆనుకుంటం. ముప్పై ఏండ్లు బడిల ఇదే చూసిన, ఇప్పుడు సుత ఇదే.

నన్ను పిలిచిన తమ్ముడు ఫోన్ల ఏమన్నడంటె, "సార్, పాత నవ్వుల పాటల సాహిత్యం ఎట్ల సంపాయించాలె, మా అసొంటోళ్లకు నాలుగు ఉపాయాలు చెప్పుండ్రి" అన్నడు. సరే బిడ్డా అన్న. ఫోన్ పెట్టినంక నాకే నవ్వచ్చింది. ఎందుకంటె నేను ఇన్నేండ్లు తిరిగింది పాట కోసం గాదు, ఒక్క మాట కోసం. ఒక్క పాటల, ఒక్క వరుసల, ఒక్క మాట. దొరికిందా అంటరా? దొరికింది. దొరకలే. రెండూ నిజమే. ఆ ముచ్చట చెప్పనీకే వచ్చిన.

ముందుగాల పాట వినుండ్రి. నా గొంతు మీద ఆశ పెట్టుకోకుండ్రి. పెండ్లిల తిండ్లు అయినంక, పిల్ల తరఫు ఆడోళ్లు పిలగాని తల్లిని చుట్టుముట్టి ఎక్కిరిచ్చే పాట.

గారెలు సేస్తేను గాలికి వాయె
బూరెలు సేస్తేను బూరుగుకు వాయె
సకినాలు సుట్టితే ... వాయె
వియ్యపురాలా నీ వీపెందుకు వంగె

మూడో వరుసల ఆగిన, చూసిండ్రా? మర్చిపోయి ఆగలే. నా టేపుల ఆ జాగల మాట లేదు. నవ్వు ఉన్నది.

అప్పుడు నేను కొత్తగ నౌకరిల చేరిన. వర్ధన్నపేట దిక్కు చుట్టాల పెండ్లి. ఒక టేపు రికార్డరు, ఒక సి-60 క్యాసెట్టు. ఒక దిక్కు ముప్పై నిమిషాలు, అర్ధగంట కాంగనె తిప్పి పెట్టాలె. పాట ఎత్తుకున్నామెది మంచి గొంతు, గంట లెక్క ఉంటది. మొదటి వరుసకు ఎవ్వరూ నవ్వలే. రెండో వరుసకు జర కదిలిండ్రు, గాజుల చప్పుడు వినవడతది. మూడో వరుసల "సందు" అన్నట్టు వినవడ్డదో లేదో, గుప్పున నవ్విండ్రు. పది పదిహేను మంది. ఎవరి చేతులనో గిన్నె ఒకటి కింద పడి గిర్రున తిరిగిన చప్పుడు. ఆ నవ్వు తగ్గేవరకు పాడినామె నాలుగో వరుసల ఉన్నది.

మీరే చెప్పుండ్రి, ఏడుపు పాటల ఇట్ల అయితదా? కాదు. మాట అయినంక ఏడుస్తరు. భజనల మాట అయినంకనే చప్పట్లు. నవ్వుల పాట సంగతి వేరు. వినేటోళ్లకు రానున్న మాట ముందే ఎరుక. మాట నోట్లెకెల్లి బయటకు రాకముందే నవ్వు వస్తది. ఏ మాట కోసం పాట పుట్టిందో ఆ మాటనే టేపుకు అందదు. మీ ఇండ్లల్ల పాత క్యాసెట్లుంటె, పెన్సిల్ పెట్టి చుట్టి, ఒక్కసారి వినుండ్రి. నేను చెప్పింది అబద్ధమైతె వచ్చే నెల వచ్చి నన్ను తిట్టుండ్రి.

సరే, నేను మొదలు ఏం రాసుకున్నంటె, "సందుల వాయె" అని. సందు, గొంది. రాసుకున్న గని మనసున పడలే. సకినాలు సందులకు ఎందుకు పోతయ్? పోతె పోయినయ్, దానికి అంతమంది అంత నవ్వెందుకు? నవ్విన జాగల మనకు నవ్వు రావట్లేదంటె, మనం రాసుకున్న మాట తప్పన్నట్టు. దీనికి మించిన పరీక్ష నాకు ఇప్పటికీ దొరకలే.

ఇంకో పరీక్ష ఉన్నది. మన పాటలకు తాళం చెవి పాటలనే ఉంటది. చూడుండ్రి: గారెలు, గాలి. బూరెలు, బూరుగు. వియ్యపురాలు, వీపు. పండితులు దీన్ని యతి అంటరు, వడి అంటరు. పాడే అవ్వకు ఆ పేర్లు తెల్వయ్, నోటికి తెలుసు. కాముని పండుగకు మీరందరు ఇల్లిల్లు తిరిగి జాజిరి ఆడినోళ్లే కద? అక్కా, మీరు నవ్వుతున్నరు, ఆడినట్టున్నరు. ఏమని పాడుతుంటిమి?

రింగుడు బిల్ల రూపాయి దండ
దండ గాదురో దామెర మొగ్గ
మొగ్గ గాదురో మోదుగు నీడ
నీడ గాదురో నిమ్మల బాయి

దండకు దామెర, మొగ్గకు మోదుగు, నీడకు నిమ్మల. అంతే గాదు, ఒక వరుస ఆఖరి మాటతోని తర్వాతి వరుస మొదలు. గొలుసు. నడుమ ఒక వరుస పోతె గొలుసు తెగినట్టు ఠక్కున కనవడతది. ఒకసారి మా పాటల పిచ్చోళ్ల గుంపుల ఒకాయన "దామెర తప్పు సార్, తామర" అని దిద్దుకొచ్చిండు. అర్థం బాగుపడ్డదేమో నాకు తెల్వదు, పాట గొంతు మాత్రం పట్టుకున్నడు. దండ, తామర! పాడి చూడుండ్రి, నాలిక తట్టుకుంటది. చదువుకున్నోళ్లం పాటకు చేసే అన్యాయం ఎక్కువ ఇట్లనే ఉంటది. కాళోజీ ఈ ఊళ్లెనే ఉండి చెప్పె కద, బడి పలుకుల భాష గాదు పలుకుబడుల భాష కావాలె అని. ఆయన పుట్టిన రోజుకు దండలు వేస్తం, ఇంటికొచ్చి దామెరను తామర చేస్తం.

అయితె ఈ తాళం చెవి నా మూడో వరుసకు సగమే పనిచేసింది. సకినాలకు "స" తోని మాట కావాలె. ఒప్పుకున్న. గని "స" తోని మాటలు ఎన్ని లేవు?

ఆ మాట పట్టుకొని తిరిగిన. పరకాల దిక్కు ఒకాయన "సంచిల వాయె" అన్నడు. జనగామ దిక్కు ఇద్దరు ముగ్గురు "సందుల"నే అన్నరు. నర్సంపేట దిక్కు ఒక అవ్వ "సందుగల వాయె" అన్నది. ఆ మాట వినంగనె నాకు గుండె ఝల్లుమన్నది.

సందుగ అంటె ఈ ముందున్న పిల్లలకు ఎరుక ఉండకపోవచ్చు. రేకు పెట్టె. మూత మీద పూలు, చిలుకలు గీసి ఉంటయ్, ముందట కొండి, కొండికి తాళం. ఉర్దూల సందూఖ్ అంటరు, మన నోట్ల పడి సందుగ అయింది. మా అమ్మ పెండ్లి చీరెలు, నా పదో తరగతి మెమో, పొలం కాయితాలు, అన్నీ అండ్లనే. ఇప్పుడు సకినం సంగతి చూడుండ్రి. బియ్యప్పిండి, నువ్వులు, వాము. గుడ్డ మీద చేతితోని సుట్లు సుట్టి, ఆరినంక నూనెల వేస్తరు. పట్టుకుంటె పుటుక్కుమంటది. దాన్ని సంచిల వేసుకొని బస్సెక్కితె ఇంటికి పోయేవరకు పిండి అయితది. దొంగతనానికైనా ఇకమతు ఉండాలె కద! సందుగల అయితె సల్లగ పోతయ్. ఇగ నాలుగో వరుస. వియ్యపురాలా నీ వీపెందుకు వంగె? ఎందుకు వంగదు, ఇనుప పెట్టె నిండ సకినాలు మోస్తుంటె! సందులకు పోతె వీపు వంగుతదా? వంగదు. ఒక్క అక్షరం, "గ". ఆ ఒక్క "గ" కోసం నేను ఎన్ని బస్సులెక్కిన్నో.

అప్పుడు నాకు ఎంత గర్వమంటె, ఇగ దొరికింది, అసలు పాఠం ఇదే, మిగిలినయన్నీ తప్పు అని నోట్‌బుక్కుల ఎర్ర సిరాతోని కొట్టేసిన. పంతులు బుద్ధి. పిల్లల పేపర్లు దిద్దీ దిద్దీ.

జర ఆగుదం. ఇంత చిన్న మాటకు ఇంత తిప్పలెందుకు అని మీకు అనిపించొచ్చు. మన దిక్కు పాటలు పోవుడు ఇయ్యాళ మొదలు గాదు. ఈడికెల్లి పాలకుర్తి ఎంత దూరం? ఆ పాలకుర్తి సోమన పదమూడో శతాబ్దిలనే పండితారాధ్య చరిత్రల జనం పాడే పాటల పేర్లు వరుసగ చెప్పిండు: తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, నివాళి పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు. వినసొంపుగ ఉన్నయ్ కద? ఆ వరుసల పేర్లే ఉన్నయ్, చరణాలు లేవు. ఎన్నిసార్లు చదివినా నాకు కడుపుల కలుక్కుమంటది. ఒక్క పాట రాసి పెడితె ఏం పోయేది స్వామీ అని అడగాలనిపిస్తది. అండ్ల నవ్వులయి ఎన్ని ఉండెనో!

ఆ తర్వాత సంగతి మీకెరుకనే. ఈ పక్క దేవునూరుల 1925ల పుట్టిన బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాల మీద ఉస్మానియాల పరిశోధన చేసిండ్రు, 1958ల పుస్తకం వచ్చింది. జానపద గిరిజన విజ్ఞాన పీఠం మన ఊళ్లెనే ఉన్నది. 1904లనే హనుమకొండల రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం పెట్టుకున్నోళ్లం. పుస్తకాలకు కరువు లేని ఊరు. మరి నవ్వుల పాటలే ఎందుకు తక్కువ దొరుకుతయ్?

నాకు తోచింది చెప్త. అవి చాటుల పాటలు. వియ్యపురాలి పాట మొగోళ్ల ముందట సగమే పాడుతరు. నలుగు కాడ, నాగవెల్లి కాడ పాడేటయ్ మనం పోంగనె ఆపేస్తరు. "నీ ముందట పాడుతమా సారూ, సిగ్గు లేదా" అంటరు. నాకు కాదు, వాళ్లకు సిగ్గట! మా ఇంటామెకు రికార్డరిచ్చి పంపిన. రెండు గంటల తర్వాత వచ్చింది, మొఖమంత ఎర్రగ. "ఏమైంది?" అంటె "మంచిగ పాడిండ్రు" అన్నది. "టేపు?" అంటె, "ఆన్ చేసుడు మర్చిపోయిన" అన్నది. మర్చిపోలే. నాకెరుక. ఇప్పటికీ అడిగితె నవ్వుతది గని చెప్పది.

రికార్డులకు ఎక్కినయ్ లేవా అంటె, గ్రామఫోను ప్లేటుకు ఒక దిక్కు మూడు నిమిషాలు. మన ఆడోళ్ల పాట మూడు నిమిషాలల్ల వియ్యపురాలిని గడప సుత దాటనియ్యది. ప్లేటు ఎక్కాల్నంటె నడుము నరుక్కొని ఎక్కాలె. పుస్తకానికి ఎక్కేటప్పుడు ఇంకోటి, బూతని తీసేసుడు. మాట తీసి చుక్కలు పెడతరు. ఆ చుక్కలల్లనే కద పాట ఉన్నది!

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలె. అన్ని నవ్వులూ మంచియి గావు. కులాన్ని పట్టుకొని నవ్వే పాటలున్నయ్, మెల్లకన్నును, నల్లరంగును పట్టుకొని నవ్వేటియి ఉన్నయ్. అవి దొరికితె ఏం చెయ్యాలె? నేనైతె పూర్తిగ రాసుకుంట, ఒక్క అక్షరం మింగ. మైకు ముందట మాత్రం పాడ. రాసుడు వేరు, పాడుడు వేరు. మీకు ఇంకో తీరుగ తోస్తె తర్వాత కొట్లాడుదం, చాయ తాగుకుంట.

ఇగ ఆ తమ్ముడు అడిగిన ఉపాయాలు. ఎక్కువ లేవు. "అవ్వా, నవ్వుల పాట చెప్పు" అని అడిగితె ఒక్కటి రాదు. పాట పేరు వాళ్లకు ఉండదు. "నీ పెండ్లిల ఎవరిని ఎక్కువ ఏడిపిచ్చిండ్రు?" అని అడుగుండ్రి. పాట దానంతట అదే వస్తది. కుర్చీల కూసోబెట్టి పాడమంటె రాదు, చేతిల చాట పెడితె వస్తది. ఒకామె బియ్యం చెరుగుకుంట పదకొండు చరణాలు పాడింది. చాట కింద పెట్టి మళ్ల పాడు అంటె నాలుగో చరణం కాడ ఆగిపోయింది. వెట్టి కాలం పాటలల్ల దొర పేరు వెతుక్కుంట కూసోకుండ్రి, దొరకది. మోట కొట్టుకుంట ఎద్దును తిట్టిన పాట దొరికితె, ఆ ఎద్దు ఎవరో ఊళ్లె ముసలోళ్లను అడుగుండ్రి.

అన్నిటికంటె పెద్ద ఉపాయం ఒకటున్నది. తప్పు పాడుండ్రి. కావాల్నని తప్పు పాడుండ్రి. "చెప్పవ్వా" అంటె చెప్పనామె, తప్పు పాడితె ఊకోదు. నేను ఎన్నోసార్లు చూసిన. పొయ్యి కాడున్నామె సుత గరిటె పట్టుకొని బయటకు వస్తది, "అట్ల గాదురా!" అని.

ఇంకో సంగతి, ఇది ఉపాయం గాదు, నా తప్పు. ఆ పాటకు రెండో చరణం దొరకక, నేనే కైగట్టిన. అప్పడాలు అటుక మీదికి పోయినట్టు, లడ్డూలు లాగుల పోయినట్టు. ఒక సభల పాడిన, నేను కట్టిన్నని చెప్పలే. ఐదారేండ్ల తర్వాత హుజూరాబాద్ దిక్కు పెండ్లిల ఆ లడ్డూల వరుస వినవడ్డది! "ఎక్కడిదమ్మా ఈ పాట?" అంటె, "మా అమ్మమ్మ కాలంది సారూ" అన్నరు. ఏం చెప్పాలె? నాదే అంటె నమ్ముతరా? సప్పుడు చెయ్యకుంట లడ్డూ తిని వచ్చిన. మీరు ఎవరైనా ఆ చరణం రాసుకొని ఉంటె, దయచేసి కొట్టేయకుండ్రి. పక్కకు "దొంగ సరుకు" అని రాసుకోండ్రి.

ఇగ ఆ మాట కాడికి వస్త.

టేపుల గొంతున్నది, నేను పాడినామె పేరు రాసుకోలే. ఊరు రాసిన, తేదీ రాసిన, రికార్డరు బ్యాటరీల ధర సుత రాసిన. మనిషి పేరు రాయలే. పోయిన ఏడాది ఆ ఇంటికి మళ్ల పోయిన. పాడినామె కాలం చేసి చాన ఏండ్లయింది. ఆమె మరదలున్నది. ఎనభై దాటినయ్, చూపు తక్కువ, చెవులు మంచిగున్నయ్. క్యాసెట్టును ఫోన్లకు ఎక్కించుకొని పోయిన, పెట్టి వినిపిచ్చిన. వదినె గొంతు వినంగనె కొంగు మొఖానికి అడ్డం పెట్టుకున్నది. మూడో వరుస వచ్చింది, నవ్వు వచ్చింది, గిన్నె పడ్డది. ఆమె కొంగు తీసి ఏమన్నదంటె:

"ఆ గిన్నె పడేసింది నేనే కొడుకా."

నాకు ఇగ చాలు అనిపించింది. గని నేను మాట కోసం పోయినోన్ని కద. ఉపాయం ఉండనే ఉండె. తప్పు పాడిన. "సకినాలు సుట్టితే సందుల వాయె" అన్న.

"సందుల ఎందుకు పోతయ్ రా! సకినాలు కోళ్లకేస్తమా?" అని గట్టిగ మొత్తుకున్నది. "సందుగ! ఆమె సందుగ తెచ్చుకొనుండె. తాళం చెవి మొలకు కట్టుకొని పెండ్లంత గల్లుగల్లున తిరిగె. ఎవరు దోచుకపోతరో అన్నట్టు. అందుకే మా వదినె సందుగల పెట్టింది."

చూసిండ్రా, నేను గెలిచిన! సకినం పుటుక్కుమంటది, వీపు వంగుతది అని నేను కట్టిన లెక్క రైటే అయింది, గని ఆ నవ్వు వీపుకు గాదు, తాళం చెవికి. ఆ పెండ్లిల లేనోనికి ఆ తాళం చెవి పాటల ఎక్కడ వెతికినా కనవడది. నేను సంబురంతోని, "అయితె అవ్వా, అసలు మాట సందుగనే కద, సంచి అనేటోళ్లది తప్పే కద?" అన్న. ఎర్ర సిరా యాదికొచ్చింది.

ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలే. బడిల మొద్దు పిలగాన్ని మనం చూస్తం చూడుండ్రి, అట్ల.

"సందుగ తెచ్చినామెకు సందుగ. సంచి తెచ్చినామెకు సంచి. ఏమీ తేకుంట వచ్చి కూసున్నదనుకో, సంకల వాయె అంటం. మనిషిని చూసి పెడతం. అండ్ల రాసుకునేదేమున్నది?"

ముప్పై ఏండ్లు. మూడు జిల్లాలు. రాసుకునేదేమున్నదట!

ఇంటికొచ్చి నోట్‌బుక్కుల కొట్టేసినయన్నీ మళ్ల రాసిన. సందుల అనేది మాత్రం కొట్టేసే ఉంచిన. అది నా చెవి తప్పు, జనగామోళ్ల చెవి తప్పు సుత కావొచ్చు. మిగిలిన ఒక్కొక్క మాట పక్కన, ఎవరి పెండ్లి, ఎవరిని అన్నరు, ఆమె ఏం తెచ్చుకున్నది, ఇప్పుడు అది రాసుకుంటున్న. దొరికిన కాడికి. పరకాల ఆయనకు ఫోన్ చేసి అడిగిన, "మీ పెండ్లిల సంచి ఎవరు తెచ్చిండ్రు?" అని. "మా అమ్మనే సార్" అన్నడు. అంతదాక ఆ ముచ్చట నాకు చెప్పలే, నేను అడగలే.

అయిపోయింది, లేస్తున్న. ఆ రోజు వచ్చేటప్పుడు ఆమెను ఒక్కసారి పాడమన్న. రికార్డుల మంచిగ వినవడాల్నని ఫోన్ పట్టుకొని ఆమె నోటి దాక వంగిన. మొదటి రెండు వరుసలు అట్లనే పాడింది. మూడో వరుస కాడ జర ఆగి, నా దిక్కు మొఖం తిప్పి:

సకినాలు సుట్టితే సారు సెల్లుల వాయె
వింటున్న సారూ నీ వీపెందుకు వంగె

సకినాలకు సెల్లు, వింటున్నకు వీపు. ఎక్కడా తాళం తప్పలే. ఇంటికొచ్చి ఆ రికార్డు పెట్టి విన్న. "సారు" దాక మంచిగ వినవడతది. తర్వాత నవ్వు. ఈసారి నవ్వింది నేనే.

అక్కా, ఇందాకటి సంది చూస్తున్న, మీ పెదవులు కదులుతున్నయ్. మూడో వరుస కాడ మీరు ఇంకేదో అన్నరు. తమ్మీ, ఆ మైకు అటియ్యి.